ప్రత్యేక అవసరాల పిల్లలకు బడిలో సాయం: జంగారెడ్డిగూడెం ప్రాంతం

జంగారెడ్డిగూడెం ఏలూరు జిల్లాలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా పశ్చిమ గోదావరిలో ఉండేది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు ఏజెన్సీ ఊళ్లవాళ్లు బజారుకైనా ఆసుపత్రికైనా ఎక్కువగా ఇక్కడికే వస్తారు. వైకల్యం ఉన్న పిల్లల కోసం కాగితాలు పట్టుకుని తిరిగే తల్లిదండ్రులూ వారిలో ఉంటారు.

వారికి తరచూ ఎదురయ్యే మాట: "ముందు సదరం సర్టిఫికెట్ తెండి." సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకుని, ప్రభుత్వాసుపత్రి శిబిరంలో డాక్టర్లకు చూపిస్తే వచ్చేది ఈ పత్రం. పింఛనుకు ఇది తప్పనిసరి. బడిలో చేర్చుకోవడానికి మాత్రం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ వైకల్యం ఉన్న పిల్లలందరినీ వివక్ష లేకుండా చేర్చుకోవాలంటుంది. అవసరమైన వసతి కల్పించాలనీ, చదువులో ఇబ్బందులను వీలైనంత త్వరగా గుర్తించాలనీ చెబుతుంది. 40 శాతం లెక్క వర్తించేది 31వ సెక్షన్‌కు; 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఈ తేడా తెలియక ఎందరో పిల్లలు విద్యాసంవత్సరాలు పోగొట్టుకోవడం బాధాకరం.

సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తాయి. అక్కడి ప్రత్యేక టీచర్లు (ఐఈఆర్‌టీలు) పిల్లలకు చదువు, రోజువారీ పనులు నేర్పుతారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. రవాణా, తోడు వచ్చేవారి భత్యాలూ ఈ పథకంలోనివే. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒకే టీచరు చాలా ఊళ్లు చూడాల్సినచోట ఆ లెక్క అందదు.

బడిలో సాయం కోరుతూ హెడ్మాస్టరుకు ఇచ్చే అర్జీలో "మావాడు వెనకబడ్డాడు" అని రాస్తే సరిపోదు. "నోటితో అడిగితే ఎక్కాలు తప్పు లేకుండా చెబుతాడు, బోర్డు మీది లెక్క ఎక్కించుకునేలోపు చెరిపేస్తున్నారు, ముందు బెంచీలో కూర్చోబెట్టండి, లెక్క కాగితం మీద రాసివ్వండి" అని రాస్తే టీచరుకు చేయాల్సిన పని కనిపిస్తుంది. నకలు మీద తేదీ, సంతకం తీసుకోవాలి. పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టేవారు, అదనపు సమయం కావాలంటే మాత్రం సర్టిఫికెట్ ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

బడిలో తేలకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి, అక్కడా తేలకపోతే సోమవారం ఏలూరు కలెక్టరేట్‌లో జరిగే అర్జీల వేదికకు వెళ్లవచ్చు. వికలాంగుల రాష్ట్ర కమిషనరుకూ ఫిర్యాదు చేసుకోవచ్చు.