రేగడి మీద వాన

పత్తికీ మిరపకీ పేరుబడ్డ నల్లరేగడికి ఒక గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది. ఎండకి విచ్చుకున్న నెర్రెలు తొలకరి నీటిని గటగటా తాగేస్తాయి గానీ, ఆ తర్వాత అవి మూసుకుపోతాయి. ఇక పడ్డ వానంతా పైన నిలవాల్సిందే, లేదంటే వాగుపాలు. బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీళ్లే. అందుకే గుంటూరు, ఒంగోలు మెట్ట ఊళ్లు దాహానికి చెరువులు తవ్వుకున్నాయి. నీటిని లోపలికి పోనివ్వని మన్నే చెరువుకి అడుగై, నీళ్లు నిలబెట్టింది.

గొడ్లకీ బట్టలకీ ఒక చెరువు, తాగడానికి ఇంకొకటి. మంచినీళ్ల చెరువులో కాళ్లు కడిగితే ఊరంతా తిట్టేది. గుడ్డతో వడగట్టి బిందె నింపుకునేవాళ్లు. నీళ్లు మడ్డిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపితే తేరుకునేవి. చెరువుల కట్టుబాటు గొప్పదని రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. దళితులకి మాత్రం వేరే రేవు, వేరే చెరువు. 1985 జూలై 16న కారంచేడులో, దళితులు తాగే చెరువు దగ్గర గేదెలకి కుడితి పెట్టిన బక్కెట్టు కడిగి ఆ మురికిని నీళ్లలోకి పోనిచ్చారు. అడ్డుపడిన వాళ్లలో మున్నంగి సువార్త ఒకరు. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు హతమయ్యారు. చెరువుని కాపాడమని అడిగినందుకు ఇంత మూల్యం చెల్లించిన వాళ్లు ఈ నేల మీద ఇంకెవరున్నారు?

వాన మొహం చాటేస్తే చెరువూ ఏమీ చేయలేదు. 1832–33 నాటి నందన కరువులో, జనం డొక్కల కరువన్న దానిలో, గుంటూరు జిల్లాలోని సుమారు అయిదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. ఆ తర్వాతే బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట వచ్చింది. 1852లో మొదలుపెట్టి 1855లో ముగించారు. దాని కాలవలు తెనాలి వైపు పల్లానికి దక్కాయి, మెట్టకి కాదు. మెట్ట రైతు 1967లో నాగార్జునసాగర్ కుడి కాలవకి నీళ్లు వదిలేదాకా మబ్బు వంకే చూశాడు.

కాలవ వెనకే కుళాయి. గుంటూరు సంగం జాగర్లమూడి, తక్కెళ్లపాడుల నుంచి వచ్చే కృష్ణ నీళ్లకి అలవాటుపడింది. ఒంగోలు సాగర్ నీటితో నింపుకునే వేసవి చెరువుల మీద ఆధారపడింది. తాగడం మానేసిన చెరువుకి కాపలా ఎవరు కాస్తారు? చెరువు ఖాళీ జాగాగా కనిపించడం మొదలైంది. కంబం చెరువుకి 2020లో అంతర్జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుంటూరు నల్లచెరువుకి ఇళ్ల నంబర్లు వచ్చాయి. గట్టి వాన పడితే మూడు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి, పీకలవాగు పొంగుతుంది. పాపం, వాన పాత చిరునామా వెతుక్కుంటోంది. కుళాయి నీటినైనా కాపాడుకున్నామా అంటే, 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారంతో ప్రాణాలే పోయాయి.

2002 నాటి వాల్టా చట్టం వాననీటిని ఒడిసిపట్టమంది. ఊరూరా ఒకే మంత్రం, ఇంకుడు గుంత. ఎర్రనేలకి బాగా నప్పే ఆ పద్ధతిని రేగడి మీద అలాగే దింపితే నాలుగు వానలకే గుంత కుంటవుతుంది. బంకమన్ను పొర దాటేదాకా బోరు దించి కంకర, ఇసుక నింపితే కొంత దిగుతుంది, ఖర్చూ ఎక్కువే. ఇక్కడ ఇంకించడం కన్నా నిలవ చెయ్యడమే మేలని నా అభిప్రాయం. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 800 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. అంత తొట్టి ఎవరూ కట్టలేరు, అక్కర్లేదు కూడా. పదివేల లీటర్ల సంపు చాలు. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసి, గొట్టానికి జల్లెడ పెట్టుకుంటే వానాకాలమంతా అది నిండుతూ వాడకానికి తగ్గుతూ ఉంటుంది. ఆ నాలుగైదు నెలలు కాలవ నుంచి తీసుకోని నీరు వేసవికి పట్టణపు చెరువుల్లోనే మిగులుతుంది, వాటి గట్లు ఆక్రమణల పాలు కాకపోతే.