వెబ్ టెంప్లేట్ కంపైలర్లు: సర్వర్ నుంచి బిల్డ్ దాకా

వెబ్ పేజీలో మారని చట్రం ఒకటి, దానిలో ఎప్పటికప్పుడు మారే సమాచారం ఒకటి ఉంటాయి. మారే చోట్ల ఖాళీలు వదిలి రాసిన చట్రమే టెంప్లేట్. పేజీ అడిగిన ప్రతిసారీ దాన్ని మొదటి నుంచి చదివి ఖాళీలు నింపవచ్చు. లేదా ఒక్కసారే చదివి, నేరుగా నడిచే ప్రోగ్రాముగా మార్చి దాచుకోవచ్చు. ఈ రెండో పని టెంప్లేట్ కంపైలర్‌ది. ఆ మార్పిడి ఎప్పుడు, ఎవరి యంత్రం మీద జరగాలన్న ప్రశ్నకు కాలాన్ని బట్టి జవాబులు మారుతూ వచ్చాయి.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో జనానికి అందించిన పీహెచ్‌పీ త్వరలోనే హెచ్‌టీఎంఎల్ మధ్యలో కోడ్ రాసుకునే భాషగా ఎదిగింది. సైట్లు పెద్దవయ్యాక అదే చిక్కయింది. డేటాబేస్ క్వెరీలూ టేబుల్ ట్యాగులూ ఒకే ఫైలులో పెనవేసుకుపోయి, డిజైనర్ ఒక ట్యాగు సరిచేయబోతే ప్రోగ్రామే ఆగిపోయేది. మాంటీ ఓర్ట్, ఆండ్రే జ్మియెవ్‌స్కీ రూపొందించిన స్మార్టీ ఈ ముడిని విప్పింది. మొదటిసారి అవసరమైనప్పుడు అది టెంప్లేట్‌ను పీహెచ్‌పీ ఫైలుగా మార్చి విడి ఫోల్డరులో పెడుతుంది. ఆపైన ఆ ఫైలే నడుస్తుంది. మూలం మారితేనే మళ్లీ కంపైల్ అవుతుంది. పీహెచ్‌పీయే టెంప్లేట్ భాష అయినప్పుడు దాని నెత్తిన ఇంకొకటి ఎందుకని ఎత్తిపొడిచినవారున్నారు; ఆ మాటలో న్యాయం లేకపోలేదు. జావాలో జేఎస్‌పీ పేజీలు సర్వ్‌లెట్లుగా మారేదీ, జింజా టెంప్లేట్లు పైథాన్ కోడ్‌గా మారేదీ ఈ పద్ధతిలోనే.

బ్రౌజర్లు వేగం పుంజుకున్నాక ఈ పని వాటి మీద పడింది. జాన్ రెసిగ్ 2008లో చూపించిన చిన్న ఫంక్షన్ పట్టుమని రెండు డజన్ల వరుసలైనా ఉండదు. అయినా అది టెంప్లేట్ పాఠాన్ని జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌గా మార్చేసేది. తేలికపాటి కంపైలర్ అంటే ఎంత చిన్నదో దీనితో తెలిసింది. మరుసటి ఏడాది క్రిస్ వాన్‌స్ట్రాత్ చేసిన మస్టాష్, తర్కాన్ని టెంప్లేట్‌లోంచి దాదాపు బయటికి పంపింది. యెహుదా కాట్జ్ 2010లో తెచ్చిన హ్యాండిల్‌బార్స్ మస్టాష్ వాక్యనిర్మాణాన్నే తీసుకుని, ముందుగానే కంపైల్ చేసుకునే వీలు కల్పించింది. అలా చేస్తే కంపైలర్‌ను బ్రౌజర్‌కు పంపనక్కర్లేదు, చిన్న రన్‌టైమ్ చాలు. దీనికి భద్రతా కారణమూ తోడైంది. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ కట్టుదిట్టంగా అమలయ్యే సైట్లలో పాఠాన్ని అప్పటికప్పుడు కోడ్‌గా మార్చి నడపడాన్ని బ్రౌజర్ అడ్డుకుంటుంది. రెసిగ్ పద్ధతి సరిగ్గా అక్కడే ఆగిపోతుంది.

రిచ్ హారిస్ 2016లో విడుదల చేసిన స్వెల్ట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. బిల్డ్ చేసేటప్పుడే టెంప్లేట్‌ను విశ్లేషించి, ఏ విలువ మారితే పేజీలో ఏ ముక్క మారాలో ఆ కోడే పుట్టిస్తుంది. పేజీ చిన్నదైతే పంపే జావాస్క్రిప్ట్ బాగా తగ్గింది. అయితే తొలి రూపాల్లో ప్రతి కాంపొనెంట్‌కూ దాని కోడ్ విడిగా పుట్టేది కనుక, కాంపొనెంట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ఆదా కరిగిపోయేది.