ఈజిప్టు రాజులు పిరమిడ్లను ఎందుకు వదిలేశారు?

ఈజిప్టు రాజులనగానే మనకు పిరమిడ్లు గుర్తుకొస్తాయి. కానీ రెండవ రామెసీస్, టుటన్‌ఖామున్ వంటి పేరుమోసిన రాజులను పిరమిడ్లలో ఉంచలేదు. కొండలో తొలిచిన సమాధుల్లో ఉంచారు. ఆకాశాన్నంటే కట్టడాలు మాని, రాజులు కొండచాటుకు ఎందుకు వెళ్ళారు?

క్రీ.పూ. 3000 ప్రాంతంలో తొలి రాజులను అబిడోస్‌లో ఇటుక గోడల సమాధుల్లో పూడ్చేవారు. జెర్ అనే రాజు సమాధి చుట్టూ అతని పరివారానికి చెందిన మూడు వందలకు పైగా చిన్న సమాధులున్నాయి. పరలోకంలోనూ సేవ చేయడానికి వారిని చంపి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. మొదటి రాజవంశంతో ఈ ఆచారం దాదాపుగా అంతరించింది.

క్రీ.పూ. 2650 ప్రాంతంలో జోసెర్ రాజు సక్కారాలో ఆరు మెట్ల రాతి పిరమిడ్ కట్టించాడు. మరో వందేళ్ళకు గీజాలో ఖుఫూ పిరమిడ్ 146 మీటర్ల ఎత్తున లేచింది. మరణించిన రాజు దేవతల్లో కలుస్తాడని వారి నమ్మకం. పిరమిడ్ ఎత్తు ఆ వైభవాన్ని చాటింది. దానితోపాటు, లోపల బంగారం ఉందన్న సంగతినీ దొంగలకు చాటింది! రాజ్యం బలహీనపడగానే పిరమిడ్లు దోపిడీకి గురయ్యాయి.

అందుకే క్రీ.పూ. 1500 ప్రాంతంలో మొదటి థట్మోస్ వేరే దారి పట్టాడు. థీబ్స్ నగరానికి ఎదురుగా, నైలు నది పడమటి కొండల్లో సమాధి తొలిపించాడు. ఆ పనిని ఎవరి కంటా పడకుండా జరిపించానని ఇనేని అనే అధికారి తన సమాధిలో రాయించుకున్నాడు. ఇక సమాధి ఒకచోట, పూజలు జరిగే ఆలయం మరోచోట. ఆ లోయనే ఇప్పుడు ‘రాజుల లోయ’ అంటున్నాం.

మరి రహస్యం దాగిందా? దాగలేదు. సమాధులు తొలిచే పనివారికి దారి తెలుసు కదా! వారు దగ్గర్లోని డేర్ ఎల్-మదీనా గ్రామంలో ఉండేవారు. కూలి కింద ధాన్యం అందేది. మూడవ రామెసీస్ పాలనలో 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ధాన్యం అందక వారు పని మానేసి ఆలయాల వద్ద బైఠాయించారు. చరిత్రకెక్కిన తొలి సమ్మె ఇదేనంటారు. మరో యాభై ఏళ్ళకు, తొమ్మిదవ రామెసీస్ కాలంలో, సమాధుల దోపిడీపై విచారణలు జరిగాయి. ఒక పాత రాజు, రాణి మమ్మీల మీది బంగారం ఒలుచుకుని శవపేటికలకు నిప్పు పెట్టామని ఒక రాతిపనివాడు ఒప్పుకున్నాడు. అతని వాఙ్మూలం రాసిన పపైరస్ నేటికీ ఉంది.

చివరకు పూజారులు మిగిలిన రాజుల మమ్మీలకు కొత్త గుడ్డలు చుట్టి, రహస్య స్థలాలకు చేర్చారు. తర్వాతి వంశం రాజులు టానిస్‌లో ఆలయ ప్రాకారం లోపలే సమాధులు కట్టుకున్నారు. పూజారులు దాచిన మమ్మీల్లో అనేకం 1881లో డేర్ ఎల్-బహారీ వద్ద బయటపడ్డాయి. 1922లో దొరికిన టుటన్‌ఖామున్ సమాధి ఎలా మిగిలింది? అందులోనూ దొంగలు పడ్డారు. కానీ తర్వాత ఆ ద్వారం రాళ్ళూరప్పల కింద కప్పడిపోయింది. దానిపైనే పనివారు గుడిసెలు వేసుకున్నారు. లోకం ఆ సమాధిని మరచిపోయింది.

ఎత్తయిన రాయీ కాపాడలేదు, లోతైన రహస్యమూ కాపాడలేదు. పనివారికి వేళకు ధాన్యం అందినంత కాలమే రాజుల నిద్రకు భద్రత ఉంది.