బొగ్గుబాయి నుంచి మట్టిగుట్ట దాకా: ఉత్తర తెలంగాణ గనుల నేలలో సేంద్రియ పదార్థం

సింగరేణి చరిత్రను 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడంతో ఆరంభించి, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ స్థాపన, 1920లో సంస్థకు సింగరేణి పేరు రావడం వంటి ఘట్టాలుగా విభజించడం పరిపాటి. నేల వైపు నుంచి చూస్తే ఈ కాలవిభజన నిలవదు. సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైన 1975 అక్కడ అసలైన మలుపు. భూగర్భ గనుల వల్ల నేల అక్కడక్కడ కుంగింది. అయినా పైమట్టి చాలావరకు తన చోటనే ఉండిపోయింది. ఓపెన్‌కాస్ట్ ఆ పొరల వరుసనే తలకిందులు చేసింది.

నాటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని రామగుండం, మందమర్రి ప్రాంతాల్లో (2016 తరువాత ఇవి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లోకి వెళ్లాయి) గని పక్కన లేచిన గుట్టల్లో అధికభాగం గోండ్వానా ఇసుకరాయి. లోతున ఉండవలసిన రాయి పైకి వచ్చింది. అది నీటిని నిలుపుకోదు, వానకు కోసుకుపోతుంది. విడిగా తీసి ఉంచిన పైమట్టి సైతం ఏళ్ల తరబడి కుప్పగా పడి ఉంటే అందులోని సూక్ష్మజీవులు క్షీణిస్తాయి.

ఇక్కడ ప్రధానమైన లోటు నత్రజని. భాస్వరం, పొటాష్ రాయి శిథిలమయ్యే కొద్దీ ఎంతో కొంత విడుదలవుతాయి. నత్రజని నిల్వ మాత్రం సేంద్రియ పదార్థంతోనే ఏర్పడుతుంది. బ్రాడ్‌షా, చాడ్విక్ 1980లో వెలువరించిన గ్రంథం పాడుబడిన నేలల పునరుద్ధరణలో ఈ అంశానికి ప్రాధాన్యమిచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ గుమ్‌గావ్ మాంగనీసు గనుల దిబ్బలపై చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్‌ను, రైజోబియం, అజటోబాక్టర్, మైకోరైజా శిలీంధ్రాలను కలిపి మొక్కలు పెంచింది. పచ్చి గడ్డినో రంపపు పొట్టునో కలిపితే దాన్ని కుళ్లబెట్టే జీవులే ఉన్న కాస్త నత్రజనిని లాగేసుకుంటాయి. కాబట్టి బాగా చివికిన ఎరువు కావాలి. కరీంనగర్ జిల్లా ముత్యంపేటలో నిజాం షుగర్స్ కర్మాగారం ఉండేది. 2015లో అది మూతపడింది.

గుట్టలపై నీలగిరి, సుబాబుల్ తొందరగా పచ్చబడతాయి. దూరం నుంచి అది అడవిలాగే కనిపిస్తుంది. రాలిన ఆకు చివికి మట్టిలో కలుస్తున్నదా, నాటని విత్తనం అక్కడ మొలుస్తున్నదా అన్నది ఆ పచ్చదనం చెప్పదు.

ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని చెలకలకు తోలడం, పొలంలో గొర్రెల మంద పెట్టించడం, పశువుల పెంటను వానలకు ముందే చల్లడం ఈ ప్రాంతపు రైతుకు కొత్త కాదు. నేలకు సేంద్రియ పదార్థాన్ని అందించే వ్యవస్థ ఊరిలోనే ఉండేది. ఓపెన్‌కాస్ట్ కోసం ఊరు లేచిపోయినప్పుడు పొలంతోపాటు కొట్టం, మంద, చెరువు కూడా పోయాయి. అంటే గని, నేలను చెడగొట్టిన చోటనే దాన్ని బాగుచేయగల వనరునూ తొలగించింది. 2009లో బొగ్గు మంత్రిత్వశాఖ గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేసి, ఖర్చుకు ఎస్క్రో ఖాతా ఏర్పాటు చేసింది. ఆ ఖాతాలో డబ్బు జమవుతుంది. ఎరువును మాత్రం ఇంకా మిగిలి ఉన్న ఊళ్ల నుంచి లారీల్లో తేవలసిందే.