రెండు గదుల గుండె

ముందే చెప్పేస్తాను, ఆమె డాక్టరు కాలేదు. ఈ కథ ఎటు తిప్పి చెప్పినా అక్కడికే చేరుతుంది. అయినా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆమె చదువుకు ఆనవాలు కూడా మిగలదు.

నెల్లూరికి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడు. సరుగుడు తోటలు దాటితే వాళ్ళ పాలెం. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఓ సాయంత్రం, వాళ్ళమ్మ పులుసుకు వంజరం కోస్తుంటే ఆమె కత్తిపీట తన ముందుకు జరుపుకుంది. మొప్పల కింద వేలు పోనిచ్చి, చింతగింజంత గుండెను తీసి నా అరచేతిలో పెట్టింది. "దీనికి రెండే గదులు మే, మనకు నాలుగు," అంది. వేళ్ళకు నెత్తురు, కళ్ళ నిండా వెలుగు. ఆ రోజు ఆమెకు తన మీద ఏ అనుమానమూ లేదు.

పదో తరగతిలో, తెలుగు మీడియంలో, బడికే ఫస్టు వచ్చింది. నెల్లూరులో బైపీసీ అంతా ఇంగ్లీషులో. మొప్ప గిల్ అయింది, గుండె హార్ట్ అయింది, తెలిసిందే తెలియనట్టయింది. ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు. పేరు కిందికి దిగినకొద్దీ ఆమె మాట తగ్గింది. ఒక రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని, "ఫిజిక్స్ నాకెక్కదు మే. డాక్టరు చదువు మనవల్ల యాడవుద్ది?" అంది. నేను భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. అదే ఓదార్పనుకున్నాను. నా మౌనాన్ని ఆమె ఔననడంగా తీసుకుందని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఎల్లాప్రగడ సుబ్బారావు కథ ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది! 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యాడు, ఎంబీబీఎస్ దక్కక ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నాడు. ఆ మనిషే అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. మెట్ల మీద ఆ రెండు మాటలూ చెప్పేవాళ్ళే కరువయ్యారు.

2004 డిసెంబర్ 26న సముద్రం పాలెంలోకి వచ్చింది. నాయన పడవా వలలూ పోయాయి. ఐదు నెలలకు, డాక్టరు సీటుకు అప్పట్లో రాయాల్సిన ఎంసెట్. 160 ప్రశ్నలు, వాటిలో 80 వృక్షశాస్త్రం, జంతుశాస్త్రమే. సగం పరీక్ష ఆమె చేతిలోనే ఉందని ఎవరమూ లెక్కగట్టి చెప్పలేదు. తప్పు రాస్తే మార్కు కోత కూడా లేదు. అయినా ఫిజిక్స్‌లో అనుమానం వచ్చినవన్నీ ఖాళీగా వదిలేసింది.

సీటు కొద్దిలో పోయింది. లాంగ్‌టర్మ్‌కు ఫీజు తగ్గించి ఇప్పిస్తానని లెక్చరర్ ఒకాయన అన్నాడు. అప్పు తెస్తానని నాయన అన్నాడు. తలుపు ఇంకా తెరిచే ఉంది. "ఆ డబ్బుతో వల కొను నాయనా," అంది ఆమె. ఎంత బుద్ధిమంతురాలని ఊరంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. ఆ త్యాగం చాటున భయం దాక్కుందని ఒక్కరికీ తోచలేదు.

మొన్న పాలెం వెళ్ళాను. ఒక ముసలామె ఈసీజీ కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పాలెంలో అందరూ అలాగే తెస్తారట. ఆమె అరుగు మీద వేలితో నాలుగు గదులు గీసింది. నెత్తురు ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో, తెలుగులో, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఆ కాసేపూ ఆ తొమ్మిదో తరగతి వెలుగు ఆ కళ్ళలో చూశాను. తర్వాత కాగితం మడిచి, ముసలామె గుప్పిట్లో పెట్టింది.

"ఎందుకైనా మంచిది, నెల్లూరుకు పోయి డాక్టరుకు చూపించుకో అవ్వా. నాకేం తెలుసు?"