కటకమునకు వేగమెట్లు వచ్చెను?

1839లో పారిస్‌లో డాగేర్ ఛాయాగ్రహణ పద్ధతి వెల్లడియైనప్పుడు భవనముల చిత్రములు కుదిరెనే గాని మనుష్యులవి కుదరలేదు. నిమిషముల తరబడి కదలక కూర్చుండుట ఎవరి తరము! 1840లో వియన్నాలోని గణితాచార్యుడు జోసెఫ్ పెట్స్‌వాల్, లెక్కలలో దిట్టలైన ఫిరంగిదళ సైనికుల సహాయమున, కొత్త కటకమును గణించెను. దాని నాభ్యంతరము ద్వారవ్యాసమునకు 3.6 రెట్లే, కనుక వెనుకటిదానికంటె దాదాపు 16 రెట్లు వెలుతురు లోనికి వచ్చెను, కూర్చుండవలసిన కాలము తగ్గెను. కటకపు వేగమనగా ఇదియే. అయితే నడుమనే స్పష్టత, అంచులు మసక. 1862లో అమెరికాలో వచ్చిన ‘గ్లోబ్’ కటకము విశాలదృశ్యమును పట్టెను గాని వేగమును పోగొట్టుకొనెను. వేగము, వైశాల్యము, వాటితో చేతివణకును సరిదిద్దు ఏర్పాటు, ఈ మూడును 2012 నాటి కేనన్ 35 మి.మీ. కటకమున చేరినవి. ఆ ఏర్పాటు మన చేతి కదలికనే సరిదిద్దును. ఎదుట గంతులు వేయు పిల్లవానికి పెట్స్‌వాల్ నాటి ఉపాయమే, పెద్ద ద్వారమే, కావలెను.