తీగ లేని ఇరుగుపొరుగు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి తుపాను రెండు వైపుల నుంచీ తగులుతుంది. బంగాళాఖాతంలో పట్టిన వాయుగుండం పైకొస్తే మన క్వార్టర్ల రేకులకి భయం. కిందికి దిగితే పలాసలోనో సోంపేటలోనో ఉన్న అమ్మానాన్నల కోసం బెంగ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు ఇక్కడ మథురాకాటిలో, నీమ్‌పురాలో ఇళ్ళు చెక్కు చెదరలేదు. కానీ ఆ ఇళ్ళలో ఎవరికీ నిద్ర లేదు. ఉద్దానంలో కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసే కూలాయి. కరెంటు పోయిన కొన్ని గంటలకి సెల్ టవర్ల బ్యాటరీలూ చచ్చిపోయాయి. ఎన్నిసార్లు నొక్కినా ఫోను కలవదు. నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వైపు వాళ్ళది ఇదే అవస్థ. 2020 మే 20న ఆంఫన్ మన జిల్లాల మీదికి వచ్చినప్పుడు కథ తిరగబడింది. ఈసారి శ్రీకాకుళం నుంచి మనకోసం కలవని నంబర్లు నొక్కుతూ కూర్చున్నారు.

మన సంఘం జూబిలీ సంచికకి ఏదో ఒకటి రాయమని సంపాదకులు అడిగారు. వర్క్‌షాపు గురించి, బడి గురించి, మాతా పూజ గురించి నాకన్నా బాగా రాయగల పెద్దలు ఉన్నారు. రైల్వే సిగ్నల్ అండ్ టెలికాంలో పని చేసి రిటైరైనవాణ్ణి గనక నేను ఇంకో కథ ఎంచుకున్నాను. జీతం లేకుండా, సొంత డబ్బు పెట్టుకుని, ఫోన్లు చచ్చిపోయిన రోజున మాట మోసే అమెచ్యూర్ రేడియో వాళ్ళ కథ ఇది. హ్యామ్‌లు అంటాం వాళ్ళని. ఆ కథ మన పొరుగునే కలకత్తాలో మొదలై, మన భాష మాట్లాడే హైదరాబాద్‌లో సంస్థగా నిలబడింది. మధ్యలో ఉన్న మన ఊరు మాత్రం దాన్ని ఇంకా అందుకోలేదు. నా ఫిర్యాదు అదే.

నిజానికి ఈ పని మనకి కొత్త కాకూడదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది. తూర్పు కోస్తా లైను ఉత్తర భాగం 1902లో దాని చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంటే గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు ఇక్కడికి చేరారు. 1920ల చివర్లో బీఎన్నార్ కార్మికులకి నాయకత్వం వహించిన వి.వి. గిరిగారిదీ గంజాం జిల్లాయే. ఇదంతా మీకు తెలిసిందే. బయటివాళ్ళకి తెలియనిది కంట్రోల్ ఫోను సంగతి. సెక్షన్ కంట్రోలర్ ఒక్కడే కూర్చుంటాడు, స్టేషన్లన్నీ ఒకే లైను మీద ఉంటాయి. ఒకడు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. అందుకే ఎవరూ అడ్డం రారు, అనవసరం మాట్లాడరు. అంకె చెబితే అవతలివాడు తిరిగి చెప్పాలి. లైన్ క్లియర్ ఇచ్చాక ప్రైవేట్ నంబరు ఇచ్చిపుచ్చుకోవాలి. హ్యామ్‌ల నెట్‌వర్క్ నడిచేదీ అచ్చం ఈ క్రమశిక్షణ మీదే. మన ఊళ్ళో వేలమందికి ఇది వృత్తిలో అబ్బిన విద్య.

కలకత్తా సంగతికి వస్తాను. జగదీశ్ చంద్ర బోస్ 1895లో టౌన్‌హాల్‌లో తీగ లేకుండా గంట మోగించి చూపించాడని బడిపిల్లలు కూడా చెబుతారు. దేశంలో మొదటి అమెచ్యూర్ లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తాకి, 2జేకే అన్న కాల్‌సైన్‌తో వచ్చిందన్నది మాత్రం చాలామందికి తెలియదు. అదే ఏడు ముకుల్ బోస్ 2హెచ్‌క్యూ అయ్యాడు. ఇద్దరు ఉంటేనే గదా సంభాషణ! 1929 నుంచి మన దేశపు కాల్‌సైన్లు వీయూతో మొదలవుతున్నాయి. 1939లో యుద్ధం రాగానే తెల్లవాళ్ళ ప్రభుత్వం ట్రాన్స్‌మిటర్లన్నీ పోలీసులకి అప్పజెప్పమంది. సామాన్యుడి చేతిలో వైర్‌లెస్ అంటే సర్కారుకి అప్పుడూ బెదురే, ఇప్పుడూ కొంత బెదురే.

అదే యుద్ధంలో మన హిజ్లీ, శలువా ప్రాంతం మీద అమెరికన్ యాంటెనాలు లేచాయి. 1944లో వాళ్ళ ఇరవయ్యో బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ని కేంద్రం చేసుకుంది. ఏ హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న ఇద్దరు ఖైదీలని కాల్చి చంపారో, ఏ భవనంలో 1951లో ఐఐటీ మొదలైందో, ఆ భవనమే మధ్యలో వాళ్ళ ముఖ్య కార్యాలయం. యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన డిస్పోజల్ సెట్లు కొనుక్కుని, విప్పి, మార్చి, దేశంలో హ్యామ్‌లు చాలాకాలం పని గడుపుకున్నారు. విదేశీ సెట్లు తెప్పించుకోవాలంటే సుంకం భరించలేనిది. 1984లో ఆ సుంకం మినహాయించారు. ప్రధాని అయిన రాజీవ్ గాంధీ స్వయంగా వీయూ2ఆర్‌జీ అన్న హ్యామ్ కావడం కలిసొచ్చింది.

తెలుగు నేల మీద ఈ విద్య అవసరం ఎంతో 1977 నవంబరు 19 రాత్రి తేలింది. దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. తీగలన్నీ తెగిపోవడంతో ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియనే లేదు. ఆరేళ్ళకి, 1983లో, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. అందరూ నయార్ అని పిలిచే సంస్థ అది. స్థాపించినవారు ఎస్. సూరి, కాల్‌సైన్ వీయూ2ఎంవై. తర్వాత ఎస్. రామ్‌మోహన్, వీయూ2ఎంవైహెచ్, డైరెక్టరుగా నడిపారు. రాజ్‌భవన్ రోడ్డులోని ఆ సంస్థ చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. విద్యార్థులనీ ఉద్యోగస్తులనీ కూర్చోబెట్టి మోర్స్ నేర్పడం, పరీక్షకి తయారు చేయడం, లైసెన్సు దరఖాస్తు నింపించడం. వార్తల్లోకి ఎక్కే పని కాదు. అసలు పని మాత్రం ఇదే అని నా ఉద్దేశం. ఎందుకంటే తుపాను రోజున సెట్టు కొనుక్కోవచ్చు, ఆపరేటరుని కొనుక్కోలేం.

హైదరాబాద్ హ్యామ్‌లకి చార్మినార్ నెట్ అని ఒకటుంది. పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ మీద కలుసుకుంటారు. ఒకరు నెట్ కంట్రోల్. ఒక్కొక్కరూ తమ కాల్‌సైన్ చెప్పి హాజరు వేయించుకుంటారు. సిగ్నల్ ఎలా ఉంది, వాన పడిందా, మీ యాంటెనా బాగుచేశారా అనే కబుర్లే. కొత్తగా వినేవాడికి ఇదేం పనిలేని కచేరీ అనిపిస్తుంది. కానీ ఈ రోజువారీ హాజరులోనే ఎవరి గొంతు ఎవరిదో, ఏ ఊరు ఏ వేళకి వినబడుతుందో, ఎవరి బ్యాటరీ నమ్మదగిందో తెలిసిపోతుంది. కష్టం వచ్చిన రోజున నెట్ కంట్రోల్ ఒక్క మాట అంటాడు: “ఇది ఇప్పట్నుంచి అత్యవసర నెట్. సందేశం ఉన్నవాళ్ళు తప్ప అందరూ వినండి.” అంతే, వందమంది నోళ్ళు మూతపడతాయి. ఆ మౌనం ఒక్కరోజులో అలవడదు.

యాంటెనా కట్టడం ఎలాగో కూడా చెబుతాను, మన కుర్రాళ్ళు బెదరకుండా. ఇరవై మీటర్ల రాగి తీగ తీసుకుని రెండు ముక్కలు చెయ్యాలి, ఒక్కోటి పది మీటర్లు. మధ్యలో కో-యాక్సియల్ కేబుల్ సోల్డర్ చేసి, రెండు కొసలకీ ఇన్సులేటర్లు కట్టి, నైలాన్ తాడుతో వేప చెట్టుకొకటి, డాబా పిట్టగోడకొకటి బిగించాలి. కొంచెం పొడుగ్గానే ఉంచి, మీటరు చూసుకుంటూ రెండు కొసలూ సమంగా బెత్తెడు బెత్తెడు కత్తిరించాలి. తొందరపడితే తీగ పొట్టిదైపోతుంది, మళ్ళీ అతుకు. సోల్డర్ చేసిన చోట సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టకపోతే మన వానాకాలం నీరు కేబుల్లోకి దిగి ఏడాదిలో పాడు చేస్తుంది. ఈ యాంటెనా మరీ ఎత్తున ఉండక్కర్లేదు. తక్కువ ఎత్తులో కడితే సంకేతం నేరుగా పైకి పోయి, వాతావరణం పై పొరల నుంచి తిరిగొచ్చి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లు గొడుగులా కమ్ముతుంది. పగలంతా కటక్, కలకత్తా అందుతాయి. పొద్దు వాలే కొద్దీ దూరం పెరిగి శ్రీకాకుళం, విశాఖ వైపు తెరుచుకుంటుంది. సెట్టు 12 వోల్టుల మీద నడుస్తుంది. పవర్ కట్‌ల పుణ్యమా అని మనలో చాలా ఇళ్ళలో ఇన్వర్టర్ బ్యాటరీ ఉండనే ఉంది. పూర్తి 100 వాట్లతో మాట్లాడితే ఇరవై ఆంపియర్లు తాగుతుంది గానీ, వింటూ కూర్చుంటే ఒక ఆంపియరు దాటదు. కాబట్టి ఎక్కువ వినాలి, తక్కువ మాట్లాడాలి.

ఊరి లోపలికి వేరే పద్ధతి. చేతిలో పట్టే చిన్న సెట్టు 144 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తుంది. గార్డులు, డ్రైవర్లు పట్టుకునే 5 వాట్ల వాకీటాకీకి ఇది చుట్టమే. ఎత్తయిన కప్పు మీద ఒక రిపీటర్ పెడితే ఇండా నుంచి మలంచ దాకా, ఇంకా అవతలికీ మాట పోతుంది.

ఇలాంటి సెట్లతో ఏం జరిగిందో చూడాలంటే 2004 డిసెంబరుకి వెళ్ళాలి. అండమాన్ నుంచి హ్యామ్‌లు ప్రసారం చేసి అప్పటికి పదిహేడేళ్ళు. నయార్ పట్టు వదలకుండా అనుమతులు సంపాదించింది. భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, చిన్న బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్లో దిగారు. వీయూ4ఆర్‌బీఐ అన్న పేరుతో డిసెంబరు మొదటి వారం నుంచి ప్రపంచమంతటితో మాట్లాడుతున్నారు. అది పూర్తిగా సరదా వ్యవహారమే. అరుదైన దీవి దొరికిందని దేశదేశాల హ్యామ్‌లు క్యూ కట్టిన రోజులు. డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆరున్నరకి భూమి కదిలింది. సునామీ తర్వాత ప్రధాన భూభాగంతో ఫోన్లు తెగిపోయాయి. ముందు రోజు దాకా సరదాకి వాడిన సెట్లనే హోటల్ ఆవరణలోకి మార్చి భారతి మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. తర్వాత జిల్లా అధికారుల కంట్రోల్ రూములో ఒక స్టేషన్ పెట్టారు. బృందంలోంచి ఒకరు సెట్టుతో కార్ నికోబార్ చేరారు. అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి, అక్కడి నుంచి దేశంలోని హ్యామ్‌లకి, వాళ్ళ నుంచి కుటుంబాలకి, ఫలానావారు క్షేమం అన్న సందేశాలు వరసగా పోయాయి. అండమాన్‌లో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, అందులో శ్రీకాకుళం వాళ్ళు మరీ ఎక్కువ. కాబట్టి ఆ వరసలో మన చుట్టాల పేర్లూ ఉండే ఉంటాయి. నాలుగు నెలలు దాటాక, 2005 మే 5న, హ్యామ్‌ల కోసం చేసిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి వెళ్ళింది. 2014 దాకా పని చేసింది.

ఇప్పుడు ఇంటర్నెట్ ఉండగా ఇదంతా ఎందుకని మా మనవళ్ళ వయసు వాళ్ళు అడుగుతారు. ఇంటర్నెట్‌నీ ఇలాగే ఇరుగుపొరుగు కలిసి కట్టుకున్న చోట్లు ఉన్నాయి. నేపాల్‌లో మహావీర్ పున్ చెట్ల మీద రిలేలు బిగించి కొండ ఊళ్ళకి వై-ఫై తీసుకెళ్ళాడు, 2007లో మెగసెసే అందుకున్నాడు. స్పెయిన్‌లో కాటలోనియా పల్లెలు 2004లో మొదలుపెట్టిన గుయ్‌ఫీ నెట్‌వర్క్ ఇళ్ళ కప్పుల మీదే పెరిగింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ని 2005 జనవరిలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని పేరుతో టవర్లు వేసి, దూరపు వై-ఫై లింకులతో పల్లెలకి వైద్యం, చదువు చేర్చింది. సాంకేతికంగా గొప్ప పని. కానీ డబ్బంతా ఒకే జేబులోంచి వచ్చింది. 2009లో ఆ జేబుకి కష్టం రాగానే ఫౌండేషన్ పనులూ కుంటుపడ్డాయి. దాత కట్టించింది దాతతో పోతుంది. వందమంది తలా ఒక యాంటెనా కట్టుకుంటే ఏ ఒక్కరు పోయినా నెట్ ఆగదు. నేను హ్యామ్‌ల వైపు మొగ్గడానికి ఇదే కారణం, మోజు కాదు.

మనకి పక్కనే వెస్ట్ బెంగాల్ రేడియో క్లబ్ ఉంది. సంక్రాంతికి గంగాసాగర్ మేళాలో వాళ్ళ స్టేషన్లు ఉంటాయి. తప్పిపోయిన ముసలివాళ్ళ మాటని బట్టి ఊరు కనుక్కుని, ఆ రాష్ట్రపు హ్యామ్‌ల ద్వారా ఇంటికి కబురు పంపుతారు. తెలుగు తప్ప ఇంకో ముక్క రాని మామ్మ అక్కడ దొరికితే, గొంతు కలపడానికి మనలో ఒక్కరైనా ఉండొద్దా?

కాబట్టి ఈ సంచిక చదివే పిల్లలకీ పెద్దలకీ నా విన్నపం. పన్నెండేళ్ళు దాటిన భారత పౌరులు ఎవరైనా అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయవచ్చు. మొదటి మెట్టు రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ అక్కర్లేదు. కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం నిబంధనలు చదివితే చాలు. లైసెన్సు చేతికి రాకుండా ఆన్‌లైన్‌లో దొరికే వాకీటాకీ కొని హ్యామ్ బ్యాండ్ల మీద మాట్లాడకండి, అది నేరం. వచ్చాక కూడా వ్యాపారం, రాజకీయం ఆ గాలిలో మాట్లాడకూడదు. మన టెలికాం రిటైరైనవాళ్ళలో సోల్డరింగ్ చెయ్యి ఇంకా వణకనివారు చాలామంది ఉన్నారు. ఐఐటీలో చదివే మన పిల్లలున్నారు. సంఘం భవనం మీద డాబా ఖాళీగా ఉంది. కార్యవర్గం ఒక గది, ఒక బ్యాటరీ, ఆదివారం రెండు గంటలు ఇస్తే పరీక్షకి పాఠం చెప్పడానికి నేను సిద్ధం. వచ్చే అక్టోబరు తుపానుల లోపు కనీసం ఐదుగురికి కాల్‌సైన్లు రావాలి. పేర్లు సంఘం ఆఫీసులో ఇవ్వండి.